ఉక్కపోత ఊళ్లో పట్టు కవచం: మంచూ వేడుక కవచాన్ని చూసుకునే పద్ధతి

లండన్ వేలంలోనో హాంకాంగ్ డీలరు దగ్గరో కొన్న కవచం జులైలో విజయవాడ చేరిందనుకోండి. ఆత్రంగా పెట్టె విప్పేయకండి. బయట 33 డిగ్రీల వేడి, గాలిలో 75 శాతం తేమ ఉంటే, 28 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ లోహం మీదైనా నీరు పేరుకుంటుంది. పెట్టె ఏసీ గోడౌన్‌లోంచి వచ్చినదైతే లోపల కవచం గుడ్డకు బిగించిన లోహపు రివెట్లన్నీ ఆ లెక్కకు లోబడినవే. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు వందల రివెట్ల తలలకు చెమ్మ పడుతుంది, అది నేరుగా కింద ఉన్న పట్టులోకి దిగుతుంది. ఏ గదిలో విప్పాలో ఆ గదిలోనే పెట్టెను 24 గంటలు కదపకుండా ఉంచి, ఆ తర్వాతే టేపు కోయండి.

ఈ వస్తువుతో వచ్చే చిక్కంతా ఒక్కచోటే ఉంది. పట్టుకు కాస్త తేమ కావాలి, 40 శాతం కంటే తగ్గితే పెళుసెక్కుతుంది. ఇనుముకు తేమ పడదు, 60 దాటితే తుప్పు జోరందుకుంటుంది. 65 పైన కొన్ని రోజులుంటే బూజు మొదలవుతుంది. రెండూ బతికే సందు 45 నుంచి 50 శాతం మధ్యలో ఉంది. అక్కడ పెట్టడం ఒక ఎత్తు, రోజులో 5 శాతం కంటే ఎక్కువ ఊగకుండా చూడటం మరో ఎత్తు. పట్టు తేమ తాగి సాగుతుంది, ఆరి ముడుచుకుంటుంది. దాన్ని పట్టుకున్న రివెట్ మాత్రం కదలదు. అందుకే పాత కవచాల్లో చిరుగులు ఎక్కువగా రివెట్ తల చుట్టూ నెలవంకలా కనిపిస్తాయి.

చేతికి వచ్చింది ఏమిటో తెలుసుకోవడం

మంచూలు స్థాపించిన చింగ్ వంశం 1644 నుంచి 1912 వరకు చైనాను ఏలింది. వాళ్ల సైన్యం ఎనిమిది పతాకాల కింద ఉండేది. పసుపు, తెలుపు, ఎరుపు, నీలం రంగుల్లో ఒక్కొక్కటి సాదాగా, ఒక్కొక్కటి అంచు కట్టి. పసుపు, తెలుపు, నీలాలకు ఎర్ర అంచు, ఎరుపుకు తెల్ల అంచు. కవచం రంగు సైనికుడి పతాకాన్ని బట్టి ఉంటుంది. యుద్ధంలో వేసుకునే కవచానికి పైన గుడ్డ, లోపల ఒకదాని మీద ఒకటి ఎక్కేలా ఇనుప రేకులు, రెండింటినీ కలిపి బిగించే రివెట్లు ఉంటాయి. బయటికి కనిపించేవి రివెట్ తలలే. చియాన్‌లాంగ్ చక్రవర్తి కాలానికి, అంటే 1735-1796 నాటికి, సైన్యాన్ని చక్రవర్తి స్వయంగా పరిశీలించే వేడుకల కోసం చేసిన వాటిలో చాలావాటికి లోపలి రేకులు తీసేసి, దూది పెట్టి, పైన ఇత్తడి బొడిపెలు మాత్రం అలాగే ఉంచారు. ఇప్పుడు మార్కెట్లో దొరికేవి ఎక్కువగా ఇవే.

రేకులున్నాయో లేవో ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే మిగతా పద్ధతంతా దాని మీదే ఆధారపడుతుంది. చిన్న, బలహీనమైన అయస్కాంతాన్ని మల్లు గుడ్డలో చుట్టి, దారంతో వేలాడదీసి గుడ్డకు అర అంగుళం ఎత్తులో తిప్పండి. రేకు ఉంటే అటు లాగుతుంది. నియోడిమియం రకం బలమైన అయస్కాంతం వాడొద్దు, అది దబ్బున అతుక్కుంటుంది, పీకేటప్పుడు శాటిన్ పోగులు తెగుతాయి. గుడ్డను చేత్తో వంచి ‘గట్టిగా ఉందా’ అని చూడటం అసలే వద్దు.

తర్వాత ముక్కలు లెక్కపెట్టండి. ముందు తెరుచుకునే చొక్కా, రెండు భుజపు కాపులు, రెండు చంక కాపులు, నడుము ముందు వేలాడే కాపు, ఎడమ పక్కన మరో కాపు, రెండు కాళ్ల మీదికి వచ్చే రెండు లంగా ముక్కలు. వీటికి తోడు శిరస్త్రాణం, దానికి చెవులను, మెడను కప్పే గుడ్డ కాపులు. ఎడమ కాపుకు కుడివైపు జోడీ ఉండదు. కుడి పక్కన అంబులపొది వేలాడుతుంది కాబట్టి అక్కడ ఆ ముక్క అసలు చేయలేదు. ‘కుడిది పోయింది’ అని అమ్మేవాడు చెబితే వాడికి సరుకు తెలియదని అర్థం. కుడిది కూడా ఉందంటే ఇంకా జాగ్రత్త పడాలి, అది తర్వాత ఎవరో కుట్టి పెట్టిందే. వేర్వేరు సెట్ల ముక్కలు కలిపి ఒకటిగా అమ్మడమూ ఉంది. అందుకే చొక్కా అంచు రంగు, లంగా అంచు రంగు ఒకే పతాకానివేనా అన్నది పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి చూడండి.

పాతదా కొత్తదా అన్నదానికి ఇంట్లోనే చేయగల పరీక్షలు రెండున్నాయి. ఒకటి, 365 నానోమీటర్ల యూవీ టార్చి. చీకటి గదిలో లైనింగ్ మీద, కుట్టు దారాల మీద వేసి చూడండి. తెల్ల దారం నీలంగా భగ్గుమని మెరిస్తే అందులో ఈకాలపు తెలుపు రసాయనం ఉంది. లైనింగ్ అంతా మెరిస్తే కొత్త గుడ్డ, లేదా ఎవరో సర్ఫ్‌లో ఉతికారు. ఒక్క చోట నాలుగు కుట్లు మాత్రమే మెరిస్తే అది తర్వాతి మరమ్మతు, మొత్తాన్ని కొట్టేయక్కర్లేదు. రెండు, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం. మన జరీలో వెండి తీగను సాగదీసి రేకు చేసి పట్టు దారానికి చుడతారు. చైనా బంగారు దారంలో తీగ ఉండదు. సన్నని కాగితం మీద బంగారు రేకు అతికించి, ఆ కాగితాన్ని పట్టీలుగా కోసి పట్టు దారానికి చుడతారు. అరిగిన చోట బంగారం కింద కాగితం, దానికి పూసిన ఎర్రటి పూత కనిపించాలి. ఆ దారాన్ని గుడ్డలోంచి లోపలికి దూర్చరు. జంటగా పైన పరిచి, సన్నని పట్టు దారంతో అడ్డకుట్లు వేస్తారు. ప్లాస్టిక్ జరీ అయితే ఎక్కడా అరుగుదల లేకుండా ఒకే మెరుపుతో ఉంటుంది. కాల్చి చూసే పరీక్ష జోలికి వెళ్లొద్దు.

లైనింగ్ మీద సిరాతో రాతలు, ముద్రలు ఉండొచ్చు. మంచూ లిపి నిలువుగా, ఎడమ నుంచి కుడికి వరుసలుగా సాగుతుంది. అది మరక కాదు, తుడవొద్దు. స్కేలు పెట్టి ఫొటో తీసుకోండి. ప్రతి ముక్కకూ ముందు, వెనక, లోపల మూడు ఫొటోలు, ఆపైన టార్చిని పక్క నుంచి దాదాపు బల్లకు సమాంతరంగా వేసి మరొకటి. ఈ నాలుగోదాంట్లోనే లేచిన దారాలు, ఉబ్బిన రివెట్లు బయటపడతాయి.

చేతులు పెట్టేముందు

ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. మెడలో గొలుసో తాళో ఉంటే లోపలికి దోపుకోండి. నూలు గ్లవ్స్ వద్దు, వాటి పోగులు రివెట్ అంచులకు, తేలిన బంగారు దారాలకు తగులుకుంటాయి. రబ్బరు లాటెక్స్ కూడా వద్దు, అందులో గంధకం ఉంటుంది. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. పాత సేకరణల్లో బొచ్చుకు, ఈకలకు పురుగు పట్టకుండా ఆర్సెనిక్, పాదరసం మందులు చల్లేవారు. కాబట్టి శిరస్త్రాణం మీది కుచ్చును, బొచ్చును తాకేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి, పిల్లలను దూరంగా పెట్టండి. చొక్కాను భుజాలు పట్టి ఎత్తొద్దు. కింద పలక దూర్చి, పలకతో పాటు ఇద్దరు ఎత్తాలి.

దుమ్ము తీయడం, అంతకు మించి ఏమీ చేయకపోవడం

ఉతకడం, డ్రైక్లీనింగ్, ఇస్త్రీ, ఆవిరి: నాలుగూ నిషేధం. నీళ్లు తగిలితే కాగితపు బంగారు దారం మెత్తబడి ఊడిపోతుంది. కుసుమ పువ్వు ఎరుపు అయితే సబ్బులోని క్షారానికే వెలిసిపోతుంది. దూది తడి పట్టుకుని రివెట్లను రోజుల తరబడి నానబెడుతుంది. చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి సామాన్లు తోమే పొడులు రివెట్ల మీద వాడాలని చాలామందికి చెయ్యి లాగుతుంది. రివెట్ తళతళలాడుతుంది, నిజమే. దాని చుట్టూ ఆమ్లం పీల్చిన పట్టు మాత్రం కొన్నాళ్లకు పొడిపొడిగా రాలుతుంది. మెరుపు తక్కువైనా సరే, ఇత్తడిని అలాగే వదిలేయడం మేలు.

దుమ్ము మాత్రం తీయాలి, ఎందుకంటే అది తేమను పట్టి ఉంచుతుంది. కావలసినవి: పీల్చే వేగం తగ్గించగలిగే హెపా (సన్నటి దుమ్మును కూడా పట్టే ఫిల్టరున్న) వాక్యూమ్ క్లీనర్, మెత్తటి మేక వెంట్రుకల బ్రష్షు, ఆరు అంగుళాల ఎంబ్రాయిడరీ రింగు, నైలాన్ దోమతెర ముక్క. దోమతెరను రింగులో బిగించి కవచం మీద ఆనీ ఆననట్టు పట్టుకోండి. వాక్యూమ్‌ను అతి తక్కువ వేగంలో పెట్టి, గొట్టం మూతిని తెరకు అర అంగుళం పైన ఉంచి ఒకచోట రెండు మూడు క్షణాలు ఆపి, ఎత్తి, పక్కకు జరపండి. రుద్దొద్దు. దారం లేచి ఉన్నచోట తెర ఉన్నా వాక్యూమ్ పెట్టకండి, బ్రష్షుతో దుమ్మును పక్కకు తోసి అక్కడ పీల్చండి. రివెట్ చుట్టూ గాడిలో దుమ్ము ఎక్కువ పేరుకుంటుంది, దానికి బొమ్మలు వేసే సన్నని రెండో నంబరు బ్రష్షు సరిపోతుంది. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఉండేవాళ్లు సీజన్లో ఈ పనే పెట్టుకోకపోవడం మంచిది. కారం దుమ్ములో నూనె ఉంటుంది, బ్రష్షు తగిలితే శాటిన్‌లోకి ఎర్రగా దిగుతుంది.

రివెట్ చుట్టూ కనిపించే రంగును చదవడం నేర్చుకోండి. గట్టిగా, మైనంలా ఉన్న ముదురు ఆకుపచ్చ పాత చిలుము, దాన్ని కదపొద్దు. వేలికి పొడిలా అంటే లేత ఆకుపచ్చ అయితే లోహంలో దాన్ని తినేసే క్లోరైడ్ లవణాలు ఇంకా పనిచేస్తున్నాయన్నమాట. ఆ ముక్కను వేరు చేసి తేమను 40 దగ్గరికి తగ్గించి, నిపుణులకు చూపించండి. నారింజ రంగు పొడి గుడ్డ మీద వలయంలా ఉంటే లోపల ఇనుము తుప్పు పడుతోంది. అక్కడ గుడ్డ ముట్టుకుంటే విరిగేంత బలహీనంగా ఉంటుంది, ఎందుకంటే ఇనుము పట్టును, నూలును కుళ్లబెట్టే చర్యను తొందర చేస్తుంది. నల్లరంగు పట్టు ఇతర రంగుల కంటే ముందు రాలడానికీ ఇదే కారణం, పాత నలుపు అద్దకాల్లో ఇనుము కలిపేవారు.

శిరస్త్రాణాన్ని విడిగా చూడాలి. వేడుక కవచాల వాటిలో చాలావరకు తోలు మీద లక్క పూసి, ఇత్తడి పట్టీలు బిగించినవి. లక్కకు పొడి మెత్తటి గుడ్డ తప్ప ఏదీ వద్దు, నూనె అసలే వద్దు. పైన కుచ్చు నిలబెట్టే గొట్టం తిప్పితే సులువుగా వస్తే తీసి విడిగా పడుకోబెట్టండి. బిగుసుకుంటే అలాగే వదిలేయండి.

పెట్టె కట్టడం

మన ఊళ్లలో దీనికి సరిపోయే వస్తువు కొత్త ట్రంకు పెట్టె. చెక్క బీరువా, ప్లైవుడ్ అల్మరా రెండూ ఆమ్లపు ఆవిర్లు వదులుతాయి, వాటిని మూసి ఉంచితే మరీ ఎక్కువ. పౌడర్ కోటింగ్ చేసిన ఇనుప ట్రంకు కొని, మూత తెరిచి నాలుగు వారాలు గాలికి వదలండి. పెయింట్ వాసన పూర్తిగా పోవాలి. మూత అంచు లోపల అంతా తెల్లటి ఈపీఈ ఫోమ్ పట్టీ అతికించండి. ఇది టీవీ పెట్టెల్లో వచ్చే మూసిన బుడగల ఫోమ్. సోఫాలో వేసే స్పాంజి కాదు, అది నాలుగైదేళ్లలో జిగురై గుడ్డకు అంటుకుంటుంది. అడుగున సన్‌ప్యాక్ షీటును ట్రేలా మడిచి పెట్టండి, ఫ్లెక్సీ షాపుల్లో దొరుకుతుంది, పాలీప్రొపిలీన్ కాబట్టి భయం లేదు. కానీ ఫ్లెక్సీ బ్యానర్ గుడ్డ మాత్రం ఎక్కడా తగలకూడదు, అది పీవీసీ. కవచాన్ని ఎప్పుడు తీయాలన్నా ట్రేతో పాటు తీస్తారు, గుడ్డను పట్టుకోరు.

ట్రే మీద వేయడానికి రంగు వేయని మంగళగిరి నూలు గుడ్డో, విజయవాడ గుడ్డల బజారు వస్త్రలతలో దొరికే కోరా గుడ్డో నాలుగు మీటర్లు తీసుకోండి. వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి గంజి పూర్తిగా వదిలించాలి, గంజికి సిల్వర్‌ఫిష్ వస్తుంది. చివరిసారి సబ్బు లేకుండా ఉత్త నీళ్లలో జాడించండి. నీలిమందు, మెత్తదనం కోసం వేసే ద్రవాలు వద్దు.

కవచాన్ని పరిచి పెట్టాలి, హ్యాంగర్‌కు తగిలించొద్దు. చొక్కా బరువంతా భుజాల కుట్ల మీద పడి అక్కడే చిరుగుతుంది. చొక్కాను మడవక తప్పకపోతే మడత లోపల అర అడుగు మందాన గుడ్డ చుట్ట పెట్టండి, మడత గీతలా కాకుండా గుండ్రంగా తిరగాలి. చైనా శాటిన్‌లో నేత మీద పొడుగు పోగులు తేలి ఉంటాయి, ఒక్క గట్టి మడత చాలు, వరుసగా తెగుతాయి. భుజపు కాపులు, లంగా ముక్కలు ఒకదాని మీద ఒకటి వేయాల్సి వస్తే మధ్యలో ఆమ్లం లేని టిష్యూ రెండు పొరలు, బరువైనది కింద. ఒకదాని రివెట్లు ఇంకోదాని ఎంబ్రాయిడరీ మీద ఆనకూడదు.

ఇక సిలికా జెల్. నీలం గుళికలు కొనకండి, వాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది. రంగులేని సాదా గుళికలు తీసుకోండి. మోతాదు ఘనమీటరుకు 20 కిలోలు. నాలుగు అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, తొమ్మిది అంగుళాల ఎత్తు ఉన్న పెట్టె సుమారు 212 లీటర్లు, కాబట్టి నాలుగుంపావు కిలోలు. చిటికెడు పొట్లాలు రెండు పడేస్తే ఏ ఉపయోగమూ లేదు. ఇంకో పొరపాటు ఎక్కువమంది చేసేది: పొయ్యి మీద ఎండబెట్టిన జెల్‌ను నేరుగా పెట్టెలో పోయడం. అది తేమను 20 కంటే కిందికి లాగేస్తుంది, పట్టు ఎండి విరుగుతుంది. ముందు జెల్‌ను వెడల్పాటి పళ్లేల్లో పరిచి, డీహ్యూమిడిఫయర్‌తో (గాలిలో తేమ తగ్గించే యంత్రం) 50 శాతం దగ్గర ఉంచిన గదిలో రెండు వారాలు పెట్టి, రోజూ కలపండి. ఎండిన బరువు మీద సుమారు నాలుగో వంతు పెరిగితే సిద్ధమైనట్టు. అప్పుడు నూలు సంచుల్లో కుట్టి పెట్టె అంచుల వెంట, పట్టుకు తగలకుండా పేర్చండి.

తేమ చూపే మీటరు లోపల ఉండాలి, బయటికి కనిపించే బ్లూటూత్ రకమైతే మూత తీయక్కర్లేదు. కొత్త మీటరును నమ్మొద్దు. చిన్న సీసా మూతలో చెంచా ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత నీరు చుక్కలుగా కలిపి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో రాత్రంతా ఉంచండి. పొద్దున 75 చూపించాలి. 70 చూపిస్తే ఐదు కలుపుకుని చదవాలని మీటరు మీదే రాసి పెట్టుకోండి.

ఎక్కడ పెట్టాలి

కింద అంతస్తు వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లలో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో చూసిన ఊరికి వేరే వివరణ అక్కర్లేదు. పై అంతస్తు స్లాబు కిందా వద్దు, మే నెలలో ఆ గది కొలిమి అవుతుంది. మధ్య అంతస్తులో, బయటి గోడకు కాని, బాత్రూం గోడకు కాని ఆనని చోట, నేలకు అర అడుగు ఎత్తులో స్టాండు మీద పెట్టండి. పూజగది పనికిరాదు, దీపం మసి, కర్పూరం, అగరుబత్తి పొగ అన్నీ నూనెతో కూడిన నలుపే. ఏసీ గది విషయంలో మా అభిప్రాయం కాస్త మొండిది: ఇరవై నాలుగు గంటలూ నడపలేని ఏసీ కంటే ఏసీ లేని లోపలి గదే నయం. రాత్రి పది నుంచి ఆరు దాకా వేసి ఆపేసే గదిలో తేమ రోజుకు రెండుసార్లు పాతిక శాతం ఊగుతుంది.

పురుగులకు కలరా ఉండలు వద్దు. వేపాకు, వస కొమ్ము లాంటివి పెట్టెలో పట్టుకు తగిలేలా వేస్తే మరకలు పడతాయి. మూలల్లో జిగురు ఉచ్చులు పెట్టి నెలకోసారి చూడండి. చిమ్మట గూడో రంధ్రాలో కనిపిస్తే గుడ్డ ముక్కలను టిష్యూలో చుట్టి, పాలిథిన్ సంచిలో గాలి తీసి సీలు చేసి, మైనస్ 18 చూపే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజు ఆగాలి. లక్క శిరస్త్రాణాన్ని ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

ప్రదర్శనకు పెట్టాలనుకుంటే వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటకుండా, యూవీ లేని ఎల్‌ఈడీ వాడి, మూడు నెలలకు మించి ఉంచకండి. బొమ్మకు దుకాణాల ఫైబర్ మానెక్విన్ సరిపోదు, భుజాలు ఇరుకు. ఈపీఈ ఫోమ్‌తో భుజాలు పెంచి, పైన ఉతికిన నూలు గుడ్డ తొడగాలి.

కుట్లు ఊడిపోతే

మగ్గం వర్క్ చేసేవాళ్లు విజయవాడలో చేయి తిరిగినవాళ్లున్నారు, అందుకే కవచాన్ని వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలనిపిస్తుంది. వాళ్ల నైపుణ్యంలో లోటేమీ లేదు, కానీ మగ్గం మీద గుడ్డను బిగించి లాగాలి, సూది పోగులను చీల్చుకుని దిగాలి. రెండువందల ఏళ్ల శాటిన్‌కు ఆ రెండూ ఓర్చుకునే శక్తి లేదు. రఫ్ఫు కూడా అంతే. తేలిన బంగారు దారాన్ని కత్తిరించకండి, జిగురు పెట్టకండి. ఆ చోట మెత్తటి నైలాన్ నెట్ ముక్క వదులుగా పరిచి, గుడ్డ అంచుల దగ్గర ఆపి, టెక్స్‌టైల్ కన్జర్వేటర్ (పాత గుడ్డలను కాపాడే నిపుణుడు) కోసం ఉంచండి. లక్నోలోని జాతీయ సాంస్కృతిక సంపద పరిరక్షణ ప్రయోగశాల లాంటి చోట్లకు ఉత్తరం రాయడంతో మొదలుపెడితే సరైన మనిషి దొరుకుతారు. వందేళ్లు దాటిన వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపడాన్ని 1972 పురావస్తువుల చట్టం అనుమతించదు. మరమ్మతుకు విదేశానికి పంపే ఆలోచన ఉంటే పురావస్తు శాఖతో ముందే మాట్లాడాలి, కొన్న రసీదు, దిగుమతి కాగితాలు భద్రంగా ఉండాలి.

తడిస్తే

48 గంటల్లో బూజు వస్తుంది, అంతలోపే పని జరగాలి. ట్రేతో సహా ఎత్తి, ఫ్యాను ఉన్న నీడ గదిలో దోమతెర బిగించిన చట్రం మీద పరచండి. ఎండ, హెయిర్ డ్రయ్యర్ వద్దు. ఎరుపు, పసుపు ఆనుకున్న ప్రతి చోటా తెల్లటి బ్లాటింగ్ పేపరు దూర్చండి, రంగు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పాకేది ఆ మొదటి గంటలోనే. పైనుంచి తెల్ల తువ్వాలు అద్దండి, నొక్కి పిండొద్దు. ఫ్యాను గాలి నేరుగా కాకుండా గది గోడ మీదికి తిప్పండి. రేకులున్న కవచమైతే పైన ఆరినా లోపల రోజుల తరబడి తడి ఉంటుంది, లైనింగ్ వైపు తిప్పి కూడా ఆరబెట్టాలి. ఒకేసారి అన్ని ముక్కలూ ఆరబెట్టడం కుదరకపోతే గుడ్డ ముక్కలను విడివిడిగా పాలిథిన్‌లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, ఒక్కొక్కటే తీసి ఆరబెట్టుకోవచ్చు. ఇనుప రేకులున్నవి మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకుండా బయటే ఉంచి ముందు ఆరబెట్టాలి.